బానకు మైల లేదు

మంగళవారం పొద్దున ప్రొద్దుటూరులో మా మేనత్త పోయింది. నీలి బాన కలిపి, మూత పెట్టి, గోడకు ఆనుకుని కూర్చుందట. మళ్లీ లేవలేదు. ఫోను వచ్చేటప్పటికి నేను జమ్మలమడుగులో బస్సు కోసం నిలబడి ఉన్నాను, ఆమె దగ్గరికి పనికి పోవడానికే.

పొగిడితే ఆమెకు ఒళ్లు మండేది. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఆకుల్లోంచి రంగు తీసి నూలుకు పట్టించడం ఆమె పని. నీలి ఆకును రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆ నీళ్లను కట్టెలతో చిలికి, అడుగున దిగిన నీలిని బట్టలో వడగట్టేది. పిండేసిన ఆకు ముద్దనూరు పక్కన ఏ చేను నుంచి వచ్చిందో ఆ చేనికే ఎరువుగా తిరిగి పోవాలి. ఆ నీలిని పెద్ద మట్టి బానలో పులియబెడితే గానీ నూలుకు రంగు పట్టదు. సున్నపు తేట, బీళ్లలో మొలిచే తగిరిస గింజల గంజి, ఇవే బానకు తిండి. నాలుగు రోజులు పస్తు పెడితే బాన చస్తుంది. తర్వాత ఎవరూ దాన్ని లేపలేరు.

నూలు జాడించిన నీళ్లను వేలితో నాలుక మీద వేసుకుని చూసి, పెరట్లో నిమ్మచెట్టుకు పోసేది. "చెట్టు తాగలేని నీళ్లు నా ఇల్లు దాటగూడదు" అనేది.

మొండిది. నోరు కూడా ఎక్కువే. ఒకసారి పులివెందులలో చీరలు అమ్మకానికి పెడితే, ఒకాయన రెండు చీరలు పట్టుకుని రెండూ ఒకటే నీలం లేవేమని నిలదీశాడు. "నీ పిల్లోల్లిద్దరూ ఒకటే రంగుండారా అప్పా?" అంది. ఆయన నవ్వి రెండూ తీసుకున్నాడు.

నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఒక చలికాలం బాన మందగించింది. నేతగాళ్లు నూలుకు తొందర పెడుతున్నారు. నేను చిన్న కుండలోకి కొంత నీలి వంచి, రంగుల కొట్లో దొరికే హైడ్రోసు అనే రసాయనం గుప్పెడు వేశాను. అరగంటలో రంగు లేచింది. అత్త వాసన చూసి, కుండ నా ముందుకు జరిపింది.

"నిమ్మచెట్టుకు పొయ్యి పాపా."

కుండ ఎత్తి చెట్టు దాకా పోయి, పొయ్యకుండానే కింద పెట్టేశాను.

"కాలవలో అయితే పోసేదానివి గదా? చెట్టు కనపడతాండాది, పెన్న కనపడలే. అంతేనా?"

ఆ కుండను పెరట్లో ఎండలో పెట్టించింది. నీళ్లు ఇగిరిపోయేదాకా, ఎండాకాలం వరకు, నేను దాని పక్కనుంచే నడిచాను. నూలు ఆలస్యమైందని నేతగాళ్లు గొడవ పడితే, "నాలుగు దినాలు ఆలస్యమైతే చీర సావదు. ఏరు సస్తాది" అని తలుపేసింది. అప్పుడు నాకు సిగ్గయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆమె మీద ప్రేమ పొంగుతోంది.

అంతకు చాలా ముందు, మామ పోయినప్పుడు, ఆయన అన్న, మా పెద్దమామ, పదకొండు రోజులు బాన ముట్టొద్దన్నాడు. చావు మైల తగిలితే బాన పాలలా విరుగుతుందని రంగులోళ్ల నమ్మకం. మూడోనాడే అత్త మూత తీసింది. "మైల నాకు బావా, బానకు లేదు. పదకొండు దినాలు కూడు పెట్టకపోతే నువ్వుంటావా?" అని అడిగింది. బాన విరగలేదు.

ఇప్పుడు అత్త పోయిన మూడోనాడు అదే పెద్దమామ, చేతికర్రతో, బాన ఉన్న కొట్టం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"యాడికి? కర్మ కాకముందే బాన తాకుతావా?"

నాకు ఏడుపొస్తోంది. అయినా తప్పుకోలేదు.

"మైల నాకు మామా. బానకు లేదు."

"మొండితనం గూడా ఆమె మాదిరే" అన్నాడు. తిట్టాననే అనుకుని ఉంటాడు. కర్ర పక్కకు తీశాడు.

లోపలికి వెళ్లి గంజి పోసి కలిపాను. సాయంత్రానికి నురగ లేచింది. చిలపగా చుట్టిన తెల్లనూలు ముంచి తీస్తే ఆకుపచ్చగా వచ్చింది, గాలి తగిలి మెల్లగా నీలమైంది. జాడించిన నీళ్లు నాలుక మీద వేసుకుని చూసి, నిమ్మచెట్టు మొదట్లో పోశాను.