కొంగులో దాచిన చేతులు

మొన్న మా అమ్మ సంవత్సరీకానికి ఆమె ఫొటో తుడుస్తుంటే, పదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ముక్కు పక్కన వేలు పెట్టి, అంటే ముక్కుపుడక ఆవిడ అని సైగ చేసి, నాన్నమ్మకి నేనంటే ఎందుకు ఇష్టం లేదని చేతులతో అడిగింది. జవాబు నాకొక్కడికే తెలుసు. ఇన్నాళ్ళూ ఊళ్ళో నేను చెప్పుకుంటూ వచ్చింది అబద్ధం కనుక, నా ఈడువాళ్ళయినా చదువుతారని ఇది రాస్తున్నాను.

మాది సముద్రం ఒడ్డున భావనపాడు. మా అమ్మాయిది పుట్టు చెవుడు. సముద్రం మీద ఇంజిను మోతలో మాట వినబడదు కాబట్టి వేటకి వెళ్ళేవాళ్ళం పడవ నుంచి పడవకి చేతులతోనే కబుర్లు చెప్పుకుంటాం. మా అమ్మ చేపల గంప దించి, ఆ సైగలకే తనవి కొన్ని కలిపి మనవరాలితో మాట్లాడేది, ఇద్దరూ నవ్వేవారు, ఎందుకో మాకు తెలిసేది కాదు.

రెండువేల పది దాటిన తొలి ఏళ్ళలో, పిల్ల మూడో ఏట, విశాఖపట్నంలో చెవికి వినికిడి మిషను అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ చేయించాం. ఆసుపత్రి వరండాలో తల్లిదండ్రుల మధ్య అప్పుడు ఒకటే వాదన: చిన్నప్పుడే చేయిస్తే మాటలొస్తాయని కొందరు, చేతి భాష నేర్పితే సరిపోయేదానికి పసిపిల్ల తల కోయించడమేమిటని కొందరు. నేను మొదటివాళ్ళ వైపు. పిల్ల నాన్నా అని పిలిచింది, వెనక బస్సు హారను వింటుంది. ఆపరేషన్ తప్పని ఇప్పటికీ అనను. తప్పు తర్వాత జరిగింది. సైగలు చేస్తే పిల్ల చెవిని వాడదని మాటలు నేర్పే మేడమ్ చెప్పగానే, ఇంట్లో ఎవరూ చెయ్యెత్తకూడదని శాసనం పెట్టాను. మా అమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని ఒక్కటే అడిగింది.

"నాను సేతులు కట్టీసుకుంటాన్రా. మరి పిల్ల నన్నేటనుకుంటాది?"

పళ్ళూడిన అమ్మ మాట మిషను పెట్టుకున్నా పిల్లకి తెలిసేది కాదు; కొన్నాళ్ళు కొంగు పట్టుకు లాగింది, తర్వాత ఆమె దగ్గరికి పోవడం మానేసింది.

మాటలు అనుకున్నన్ని రాలేదు. అడిగినవాళ్ళకి, అమ్మ చాటుగా సైగలు చేస్తోందని చెప్పాను. మా బావ ఆమె ముఖం మీదే అనేశాడు.

"నీ సేతులు ఊరుకుంటే గదా అత్తా, పిల్లకి నోరొచ్చీది."

అమ్మ నావైపు ఒకసారి చూసి గంప ఎత్తుకుని పోయింది.

నిజానికి ఆమె మళ్ళీ ఒక్కసారీ చెయ్యెత్తలేదు. ఎత్తింది నేను. వేట నుంచి తిరిగొచ్చి, అలలు విరిగే చోటుకి అవతల పడవ ఆగినప్పుడు, ఒడ్డున నిలబడ్డ పిల్లకి వచ్చేశాననీ, తిన్నావా అనీ, పెద్ద చేప పడిందనీ రోజూ చేతులూపేవాణ్ణి, అది గెంతుతూ జవాబిచ్చేది. సముద్రం ఇల్లు కాదు గదా, ఆ సైగలు లెక్కలోకి రావనుకున్నాను. పక్కనే గంపతో నిలబడి అమ్మ అంతా చూసేది, చేతులు కొంగులోనే.

అలాగే పోయింది. ఇప్పుడు మాటలు నేర్పేవాళ్ళే రెండూ ఉండనివ్వండి అంటున్నారు. మా అమ్మాయి చెవికి మిషను ఉంచుకునే, ఫోనులో వీడియో పెట్టుకుని స్నేహితురాళ్ళతో చేతులతో గంటలు గంటలు మాట్లాడుతుంది, ఎవరూ వద్దనరు.

మొన్న దానికి అంతా చేతులతోనే చెప్పాను, చివర నా గుండె మీద వేలు పెట్టుకుని, ఆ చేతులు కట్టించింది నేనేనని. అది నావైపు చూడలేదు. ఫొటోలో కూడా అమ్మ చేతులు కొంగులోనే ఉన్నాయని నాకు అప్పుడే కనబడింది. పిల్ల ఆ కొంగు మీద వేలు పెట్టి, తీయకుండా అలాగే కూర్చుంది.