ఆ తేదీకి ఒక పాట

దయ్యాలూ ఆత్మలూ నేను నమ్మను. చిన్నప్పటి నుంచి పుస్తకాల్లో తల దూర్చి పెరిగినదాన్ని. ఏ సంగతైనా ఎక్కడ రాసి ఉందో చూపిస్తే తప్ప నా బుర్ర ఒప్పుకోదు. ఇది జరిగాక కూడా నమ్మకం కలగలేదు. చిరాకు మాత్రం కలిగింది. అది ఇంకా పోలేదు.

తొంభైల చివర్లో హైటెక్ సిటీలో కొత్తగా తెరిచిన ఒక చిన్న కంపెనీలో చేరాను. బయట బండలు పగలగొట్టే చప్పుడు, మట్టి లారీలు. మా ఫ్లోర్‌లో సగం కుర్చీలకు పాలిథిన్ కవర్లు కూడా తీయలేదు. తెలుగు పాటల మీద ఒక వెబ్‌సైట్ తయారవుతోంది. అందులో ‘ఇదే రోజున’ అనే పేజీ నాది. ఏడాదిలో ప్రతి తేదీకీ ఆనాడు పాటల లోకంలో జరిగిన విశేషాలు రాయాలి. ఫలానా గాయని తొలిసారి మైకు ముందు నిలబడిన రోజు, ఫలానా గ్రామఫోన్ రికార్డు బజారులోకి వచ్చిన రోజు, అలాంటివి. పేజీ పూర్తయితేనే ఉద్యోగం పర్మనెంట్ చేస్తామన్నారు.

కొన్ని తేదీలకు ఒకటే రద్దీ. ఒకరి మొదటి పాట, మరొకరి చివరి పాట ఒకే రోజున ఉండేవి. జూలైలో ఒక తేదీ మాత్రం ఎంత వెతికినా ఖాళీగానే మిగిలింది. గ్రంథాలయాల్లో పాత పత్రికలన్నీ తిరగేశాను, రికార్డులు సేకరించేవాళ్లను అడిగాను. ఏమీ దొరకలేదు. ఆ తేదీ ఏదో ఇక్కడ చెప్పను. చెబితే ఎవరో ఒకరు ఏదో తెచ్చి అతికిస్తారు. ఒకసారి అతికించారు కూడా.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లారు. పదిమందిలో కూర్చుని తినడానికి మొహమాటపడి నేను నా బల్ల దగ్గరే టిఫిన్ డబ్బా తెరిచాను. బల్ల మీద ఫోన్ మోగింది. ఎవరో ఆడమనిషి గొంతు, కాస్త బొంగురుగా ఉంది.

‘ఆ తేదీ ఖాళీగా ఉందిటగా అమ్మాయ్. నాది రాసుకో.’

రికార్డులు సేకరించేవాళ్ల ఇంట్లో ఎవరో అనుకున్నాను. తన పేరు సుందరవల్లి అంది. ఆ రోజున రేడియోలో తొలిసారి లలితగీతం పాడిందట, రికార్డింగ్ కాదు, నేరుగా ప్రసారం. వాన వల్ల తబలా ఆయన రాలేదు. వయొలిన్ ఆయన ఒక చెక్క కుర్చీని బోర్లించి దాని మీద దరువు వేశాడు. రెండో చరణంలో మాట మరిచిపోయి రాగం తీసి గట్టెక్కింది. ప్రకటన చేసిన అనౌన్సర్ పేరు కూడా చెప్పింది. చివర్లో, ‘వేస్తారు కదూ?’ అని అడిగింది.

‘వేస్తామండి’ అన్నాను.

మర్నాడు టెలిఫోన్ మెకానిక్ యాదయ్య వచ్చాడు. ‘ఇగ మీ లైన్లకు ఇయ్యాల ప్రాణం పోస్తమ్మా’ అన్నాడు. నిన్ననే పనిచేసిందని చెప్పాను. అతను బల్ల కిందికి వంగి తీగ కొస పైకి తీసి చూపించాడు. అది దేనికీ తగిలించి లేదు, చుట్టకు కట్టిన రబ్బరు బ్యాండు కూడా విప్పలేదు.

‘గిట్లుంటే ఎట్ల మోగుతది మేడం? పని ఎక్కువై జర పరేషాన్ల ఉన్నట్టున్నరు. చాయ్ తాగున్రి.’

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. అతనేదో పొరబడ్డాడనుకున్నాను. డైరెక్టరీలో వెతికితే ఆ అనౌన్సర్ గారు చిక్కడపల్లిలో ఉన్నట్టు తెలిసింది. ఆదివారం వెళ్లాను. చాలా పెద్దవారు. నేను కుర్చీ మాట ఎత్తగానే కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

‘ఆ సంగతి నీకెవరు చెప్పారమ్మా? ఆ గదిలో ఉన్నది మేం ముగ్గురమే. వయొలిన్ ఆయన పోయి చాన్నాళ్లయింది. ఆవిడ ఆ వానాకాలం కూడా దాటలేదు, టైఫాయిడ్. మళ్లీ పాడనే లేదు.’

తేదీ అడిగాను. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టారు. ‘జూలైయో, ఆగస్టో. అబద్ధం చెప్పలేను తల్లీ. గాల్లోకి వెళ్లిన పాట, రికార్డు ఎక్కడుంటుంది?’

అంటే పాటకు సాక్షి దొరికారు, తేదీకి దొరకలేదు. నా పేజీకి కావలసింది తేదీ.

సోమవారం మా టీమ్ లీడర్ ప్రసాద్ గారికి అంతా చెప్పాను. ఆయనది కాకినాడ, చెడ్డ మనిషి కాదు. ‘పాట సరేనండి. తేదీ ఎవరు చెప్పారు?’ అన్నారు.

‘ఆవిడే.’

‘ఏ ఫోన్‌లో?’

చూపించాను. ‘బాగుందండి. సోర్స్ అని పెట్టి కింద ఆ ఫోన్ బొమ్మ వేద్దామా?’ అన్నారు. పక్కవాళ్లు నవ్వారు. నేను ఆయనతో వాదించాను. ఆ ఆఫీసులో నా గొంతు నలుగురికీ వినబడటం అదే మొదటిసారి. మాటలు తడబడ్డాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి, దాంతో వాదన మరింత పలచబడింది. చివరికి ఆయన మర్నాటి తేదీలో ఉన్న ఒక క్యాసెట్ విడుదలను ఒక రోజు ముందుకు జరిపి ఆ ఖాళీ నింపేశారు. ‘ఒక్క రోజు తేడాకి ఎవరూ చచ్చిపోరు లెండి’ అన్నారు.

పేజీ పూర్తయింది. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. ఆ జూలై తేదీ వచ్చినప్పుడు, క్యాసెట్ విడుదల అనే అబద్ధం తెర మీద మెరుస్తుంటే, నేను రోజంతా ఫోన్ పక్కనే కూర్చున్నాను. అప్పటికి దానికి తీగ ఉంది. చాలాసార్లు మోగింది. అన్నీ ఆఫీసు పనులే. ఆవిడ చేసి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు, కానీ తిట్టినా బాగుండేది.

ఇప్పుడా వెబ్‌సైట్ లేదు. ఎవరో వేళాకోళం చేశారనుకుందామంటే, ఆ గదిలోని కుర్చీ సంగతి వాళ్లకెలా తెలుసు? నా భ్రమ అనుకుందామంటే, నాకెలా తెలుసు? ఆవిడ గొంతు నాకెలా వినిపించిందో తేల్చుకోవడం మానేశాను. ‘వేస్తామండి’ అన్న నా మాట ఆవిడకు ఏ తీగ మీదుగా చేరిందో, ఆవిడ ఇంకా దాన్ని నమ్ముకునే ఉందో లేదో, అది మాత్రం ఇప్పటికీ తెలియడం లేదు.