ఆకుపచ్చ పరికిణీ ముక్క

ఇద్దరు బిడ్డలు తెనాలిలో మా పుట్టింట్లో పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. మూడోసారి మా అత్త నన్ను పంపనంది. "ఆ ఇల్లు అచ్చిరాలేదు. కాన్పు ఇక్కడే, రేపల్లెలోనే" అని తేల్చేసింది. అరవైల్లో సంగతి. అత్త తేల్చాక ఇంక మాటేముంది.

బిడ్డలు దక్కని ఇంట ఒక పద్ధతుంది. పిల్లలు తిరిగే ఇళ్ళకెళ్ళి పాతగుడ్డ ముక్కలు అడిగి తెచ్చి, వాటితో కుట్టిందే పుట్టిన బిడ్డకి కప్పాలి. కొన్న గుడ్డ పనికిరాదు. దండగ ఖర్చు లేని పద్ధతి, నాకు నచ్చింది. మా అత్త వీధులు తిరిగి చొక్కా చేతులు, లంగా అంచులు, చీర చెంగులు పోగేసింది. బిడ్డ వరకే కుడితే ఏడాదికే చాలకుండా పోతుంది. అందుకని నా భుజాల మీంచి తిప్పి బిడ్డని కూడా చుట్టుకునేంత శాలువా కుట్టాను. గట్టి ముక్కలు భుజాల దగ్గర, మెత్తటివి బిడ్డ బుగ్గ ఆనే చోట. లోపల మా ఆయన పాత పంచె వేశాను.

అన్నిట్లోకీ మెత్తటి ముక్క వెనక వీధి ఆవిడ ఇచ్చింది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. వాళ్ళు బాపట్ల నుంచి కొత్తగా వచ్చారు. ఇద్దరు మగపిల్లలు, ఇల్లంతా ఒకటే గోల.

నాకు ఆడపిల్ల పుట్టింది. నెల దాటింది. ఆవిడ రోజూ మధ్యాహ్నం వచ్చి కూర్చునేది. బిడ్డ మొహం చూసేది కాదు. ఆ ఒక్క ముక్కనే వేలితో రాస్తూ ఉండేది.

చలికాలంలో బిడ్డకి జలుబు పట్టి, గొంతులో గురగుర మొదలైంది. ఆ రోజూ వచ్చిందావిడ.

"దీనికి చలి పడేది కాదమ్మాయ్" అంది.

"ఎవరికండి, పిన్నిగారూ?"

"మా పిల్లకి. ఈ పరికిణీ దానిదే. అది పోయాక గుడ్డలన్నీ చాకలికి ఇచ్చేశారు. ఇదొక్కటే బియ్యం డబ్బాలో దాచా."

మా అత్త వంటింట్లోంచి అట్లకాడతోనే వచ్చింది. "పోయిన పిల్ల గుడ్డ పసిదానికి కప్పిస్తావా? నీకసలు బుద్ధుందా?"

"డబ్బాలో ఒక్కతే ఉంది గదండి" అంది ఆవిడ. "ఇక్కడైతే తోడుంటుందని."

ఆవిడ వెళ్ళాక అత్త "ఇప్పుడే పీకి పారెయ్" అంది.

కత్తెర తీశాను. ముక్క బిడ్డ బుగ్గ కింద ఉంది. లాగితే గుక్కపట్టి ఏడ్చింది. వదిలితే ఊరుకుంది. మళ్ళీ లాగాను, మళ్ళీ అంతే. నేను దడుసుకునే మనిషిని కాను, ఆ పూట దడుసుకున్నాను. ఉంచితే ఈ బిడ్డా దక్కదేమో. తీస్తే ఆ పిల్ల ఊరుకుంటుందా? చివరికి నా పాత రవిక కోసి, ఆ ముక్క మీద పరిచి నాలుగు వైపులా కుట్టేశాను.

"తీశావా?" అంది అత్త.

"కనబడుతోందా అత్తయ్యా?" అన్నాను.

మర్నాడు ఆవిడ చెయ్యి తిన్నగా అక్కడికే వెళ్ళింది.

"కప్పావా?"

"చలి కదండి."

తల ఊపింది. ఆ తర్వాత రావడం తగ్గించింది.

నా బిడ్డ బతికింది. డెబ్బైల్లో, బడికెళ్ళే వయసొచ్చినా ఆ శాలువా లేనిదే నిద్రపోయేది కాదు. నిద్రలో నవ్వేది. "నీదైపోయింది, ఇప్పుడు నా వంతు" అనేది. ఎవరితోనే అని నేనెప్పుడూ అడగలేదు.