ఫైలు, ఎడిటు, వ్యూ

భర్త పవన్ పోయాక అమృత మళ్లీ పనికి వెళ్తానన్నప్పుడు ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. చెప్పడానికి ఉన్నది అత్త సిద్ధమ్మ ఒక్కతే. ఆమె స్టవ్వు ముందు నిలబడి, వెనక్కి తిరగకుండానే అంది.

"పో పాపా. ఇంట్లో కూచోని ఏం జేస్తావు? బొట్టు పెట్టుకొనే పో. ఎవురన్నా ఏమన్నా అంటే మా అత్త పెట్టుకోమనిందని చెప్పు."

అమృత బొట్టు పెట్టుకుంది. డబ్బాలో అన్నం సర్దుకుంది. పెనుకొండ స్టేషన్‌లో ధర్మవరం ప్యాసింజరు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. అది 2007. ఎండలు అప్పుడప్పుడే ముదురుతున్నాయి.

ఆమె పుట్టింది నంబులపూలకుంట దగ్గర ఒక పల్లెలో. వాన పడితే వేరుశనగ, పడకపోతే కూలి. నాయన ఆమెను కదిరిలో ఉంచి డిగ్రీ చదివించాడు. అక్కడే ఒక కంప్యూటరు కోర్సు కూడా చేసింది. అందులో టైపు కొట్టడం, పట్టికలు వేయడం నేర్పారు గానీ ఇంటర్నెట్ ఎలా ఉంటుందో చూపలేదు. అది పెళ్లయ్యాక పవన్ చూపించాడు.

పవన్ హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో మెకానిక్కు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే చౌడప్ప కొట్లో కంప్యూటరు బిగించింది అతనే. దాని ముందు కూర్చునే మనిషి కావాలని చౌడప్ప అంటే, మా ఇంట్లోనే ఉందన్నా అని చెప్పిందీ అతనే. అప్పట్నుంచి పొద్దున్నే ఇద్దరూ కలిసి బయల్దేరేవాళ్లు. అతను ఆమెను స్టేషన్ దగ్గర దింపి, బైకు తిప్పుకుని హిందూపురం దారి పట్టేవాడు.

అమృత పని పెద్ద కష్టమైనది కాదు. బెంగుళూరు, మద్రాసు షాపులవాళ్లు ఫలానా రంగు, ఫలానా అంచు కావాలని మెయిల్ పంపుతారు. దాన్ని తెరిచి, ప్రింటు తీసి, గోడౌన్ చూసుకునే పాపన్నకు ఇవ్వాలి. తెర పైభాగంలో ఫైలు, ఎడిటు, వ్యూ అని వరుసగా మాటలుంటాయి. మొదటి మాట నొక్కితే కిందికి జారే జాబితాలో ప్రింటు ఉంటుంది. ఆమెకు తెలిసిన దారి అదే. దారిలో ఏదైనా అడ్డం వస్తే పవన్‌కు ఫోన్ చేసేది. అతను పనిలో ఉండి కూడా ఎత్తేవాడు.

ఒక సాయంత్రం హిందూపురం నుంచి వస్తుండగా సోమందేపల్లి దాటాక పవన్ బైకును వెనకనుంచి లారీ గుద్దింది. అంతే.

అమృత ఏడవలేదు. ఊరినుంచి వచ్చిన పెద్దమ్మలు, పిన్నమ్మలు చుట్టూ కూర్చుని, "ఏడ్చేయమ్మా, లోపల పెట్టుకుంటే గుండె పట్టేస్తాది" అని భుజాలు కుదిపారు. ఆమె ప్రయత్నించింది కూడా. లోపల దాచుకున్నది ఏదైనా ఉంటే కదా బయటికి రావడానికి. వాళ్లు ముక్కు చీదుకుంటుంటే, గోడమీది గడియారంలో బ్యాటరీ అయిపోయినట్టుందే అనుకుంటూ చూసింది.

పవన్ సెల్‌ఫోను చొక్కా జేబులో ఉండిపోయి, గీతలు పడినా పనిచేస్తూనే ఉంది. దాన్ని సిద్ధమ్మ తీసుకుంది. ఆమెకు చదువు రాదు. పచ్చ బటన్ నొక్కితే మాట వినిపిస్తుందని మాత్రం తెలుసు. హిందూపురం నుంచి, మడకశిర నుంచి, రొద్దం నుంచి కంప్యూటర్లు చెడిపోయినవాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు. ఎవరు చేసినా సిద్ధమ్మ ఒకే మాట చెప్పేది. ఆఫ్ చేసి పెట్టెలో పడేయండత్తా అని అమృత అంటే వినలేదు.

"వాళ్లకేం తెలుసు పాపా. ఎదురుచూస్తా కూచుంటారు. ఎవురో ఒకరు చెప్పల్ల గదా."

తిరిగి పనికి వెళ్లిన ఆ రోజు అమృత కొట్లోకి అడుగు పెట్టగానే చౌడప్ప లేచి నిలబడ్డాడు. తన కొట్లో పనిచేసే మనిషిని చూసి ఆయన లేచి నిలబడటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"వచ్చినావామ్మా. కూచో. నువ్వు లేనన్నాళ్లు పక్క కొట్లో లోకేష్ వచ్చి చూసిపోతాండె. పాత ఇంటర్నెట్ పనికిరాదని ఏందో కొత్తది ఎక్కిచ్చినాడు. నాకైతే తెలీదు. నువ్వే చూసుకో."

ఆమె కుర్చీ దుమ్ము తుడుచుకుని కూర్చుంది. ఇంటర్నెట్ తెరిచింది. రంగు మారింది, బటన్లు గుండ్రంగా అయ్యాయి. మెయిల్ వచ్చింది. ప్రింటు తీద్దామని చేయి అలవాటుగా పైకి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఫైలూ లేదు, ఎడిటూ లేదు, వ్యూ లేదు. ఆ మాటల వరుస మొత్తంగా పోయింది.

మూసి మళ్లీ తెరిచింది. లేదు. కంప్యూటరే ఆపి, మళ్లీ వేసి, అది లేచేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లేదు. కీబోర్డు పైవరుస బటన్లు ఒక్కొక్కటీ నొక్కుతూ పోతే, ఒకదానికి తెర నిండా మెయిలే పరుచుకుని మిగతా అంతా మాయమైంది. అదే మళ్లీ నొక్కితే ఉన్నవి తిరిగొచ్చాయి, కావాల్సింది రాలేదు. లోకేష్‌ను పిలుద్దామంటే సరుకు పనిమీద కదిరి పోయాడని చెప్పారు. ఇంకేదో వెతుకుతూ కింది వరుసలో ఆల్ట్ మీద వేలు పడింది. ఒక్కసారిగా పైన ఫైలు, ఎడిటు, వ్యూ కనిపించాయి. ఆమె మౌస్ తీసుకుని ఇంకెక్కడో నొక్కేసరికి మళ్లీ పోయాయి.

పాపన్న గోడౌన్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "ఏమ్మా, కాయితాలు అయినాయా? లారీ ఆఫీసోడు మధ్యాన్నానికి మూటలు కావాలంటాండాడు."

"ఇస్తానన్నా" అంది అమృత. సెల్ తీసింది. రెండుసార్లు నొక్కితే పోయే నంబరే. నొక్కింది. అటువైపు మోగుతున్నప్పుడు కూడా తను ఎవరికి చేస్తోందో ఆమెకు స్ఫురించలేదు. పవన్ ఎత్తితే ముందు ఏం చెప్పాలో మనసులో వరుస పెట్టుకుంటోంది. కొత్తది ఎక్కించారంట, పైన మెనూ లేదు, ఆల్ట్ కొడితే వచ్చి పోతోంది.

అటువైపు ఎత్తారు.

"పవన్ లేడప్పా. చనిపోయినాడు. ఇంకెవురినన్నా చూసుకోండి."

ఒక ఊరిపేరు చెప్పినట్టు చెప్పింది సిద్ధమ్మ. అమృత బాధ వస్తుందేమోనని చూసింది. ఏమీ రాలేదు.

"అత్తా, నేను."

అవతల స్టవ్వు ఆపిన చప్పుడు వినిపించింది.

"నువ్వా పాపా" అంది సిద్ధమ్మ. "ఏమైంది? ఎవురన్నా ఏమన్నా అనిరా?"

"లేదత్తా. ఇక్కడ మెనూ పోయింది. మర్చిపోయి చేసినా."

"యాడికి పోయింది?"

"తెలీదు. పైన ఉండాల, లేదు."

సిద్ధమ్మ ఫోన్ పెట్టేయలేదు. "వాడు ఇంటికాడున్నా ఈ ఫోన్లోనే మాట్లాడతాండె గదా" అంది నెమ్మదిగా. "అన్నం తింటాంటే గూడా. ముందు ఆపి మళ్లా ఎయ్యండి సార్ అనేవాడు."

"చేసినానత్తా."

"ఆ తర్వాత రైటు కిలిక్కు చెయ్యండి అనేవాడు. ఏం వస్తాండాది సార్, చదవండి అనేవాడు. అదేందో నాకు తెలీదు పాపా."

అమృత ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, మౌస్ కుడి బటన్ మెయిల్ మీద నొక్కింది. ఒక జాబితా వచ్చింది, అందులో మెనూ మాట లేదు. బాణాన్ని పైకి జరిపి, ఖాళీగా ఉన్న బూడిదరంగు పట్టీ మీద నొక్కింది. ఇంకో జాబితా తెరుచుకుంది. అందులో మొదటి మాటే మెనూ బార్. పక్కన టిక్కు లేదు. దాన్ని నొక్కింది. ఫైలు, ఎడిటు, వ్యూ పైకొచ్చి నిలబడ్డాయి. వేరేచోట నొక్కి చూసింది. పోలేదు.

"వచ్చిందత్తా."

"వచ్చిందా? సరే. అన్నం తిను" అని సిద్ధమ్మ పెట్టేసింది.

ప్రింటర్ కాగితాలు వదులుతుంటే అమృత వాటిని సర్ది పాపన్నకు ఇచ్చింది. చౌడప్ప దూరంనుంచి "బాగయ్యిందామ్మా?" అని అడిగాడు. అయిందని తల ఊపింది. తెర మూలన ప్రింటరు బొమ్మ ఒకటి ఉందనీ, అది నొక్కినా సరిపోయేదనీ చాలా రోజుల తర్వాత లోకేష్ చెప్పాడు. ఔనా, అని విని ఊరుకుంది. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం డబ్బా తెరిచి అన్నం మొత్తం తింది. రుచి తెలియలేదు గానీ తింది.

ఆమె ధర్మవరంలో ఇంకో ఏడాదికి పైగా చేసింది. తర్వాత హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటరు పని దొరికింది. పవన్ పోయిన ఆ రోడ్డు మీద రోజూ బస్సులో వెళ్లడం ఎలాగా అని చౌడప్ప సందేహించాడు. సిద్ధమ్మ సందేహించలేదు. పెనుకొండ ఇల్లు ఖాళీ చేసి, కోడలితోపాటు హిందూపురంలో అద్దెకు దిగింది. నీళ్లు ఉప్పగా ఉన్నాయని కొన్నాళ్లు సణిగింది.

అమృతకు పెళ్లి మాట ఎత్తినవాళ్లు ఉన్నారు. ఆమె వద్దనలేదు, సరే అనలేదు. వాళ్లే కొన్నాళ్లకు మానుకున్నారు.

ఆదివారాలు ఇద్దరూ మార్కెట్‌కు వెళ్లేవాళ్లు. అక్కడ గింజలు ఒలుచుకునే అనపకాయలమ్మే యల్లక్క అనే ఆమె కన్నడంలోనే బేరం చేసేది. రొద్దంలో పుట్టిన సిద్ధమ్మకు ఆ భాష బాగా వచ్చు. ఒక ఆదివారం యల్లక్క తూకం వేస్తూ అమృతను చూపించి, నీ కూతురా అని అడిగింది. సిద్ధమ్మ ఊఁ అని, తక్కెడ సరిగ్గా పట్టుకోమంది. అమృత సంచి మూతి తెరిచి పట్టుకుంది. అనపకాయలు అందులో పడ్డాయి. ఎండ బాగా ఉంది. ఇద్దరూ నీడ ఉన్న పక్కకు దాటి ఇంటివైపు నడిచారు.