దిగులుకు ఒక వేళ

చెరుకు సీజన్ మొదలైతే నాకు గుండెదడ మొదలవుతుంది. మా ఆయన లారీ డ్రైవరు. బోధన్ చుట్టుపక్కల ఊళ్లలో చెరుకు నింపుకుని మహారాష్ట్రలోని ఫ్యాక్టరీకి తోలతాడు. అక్కడ గేటు ముందు బండ్ల వరుసలోనే ఒక్కోసారి తెల్లవారుతుంది. ఫోన్ కలవదు. కలవని ప్రతిసారీ నా కళ్లముందు లారీ బోల్తా పడుతూనే ఉంటుంది.

నిజామాబాద్‌లో డాక్టరుకు చూపించుకుంటే గుండె బ్రహ్మాండంగా ఉందన్నాడు. టెన్షన్ తగ్గించుకొమ్మన్నాడు. ఎలాగో చెప్పే తీరిక ఆయనకు లేదు. ఆ కోపంలోనే బస్టాండు దగ్గర, మనసు కుదుటపడే మార్గాలు చెప్పే పుస్తకం ఒకటి కొన్నాను. బస్సులో అట్ట కనబడకుండా ఒళ్లో పెట్టుకుని చదివాను. పక్కావిడ చూస్తే నాకు పిచ్చి లేచిందనుకుంటుందని ఇంకో భయం.

అందులో ఒక ఉపాయం నచ్చింది. దిగులు పడటానికి రోజూ ఒక వేళ పెట్టుకోవాలట. మిగతా రోజంతా ఏ భయం వచ్చినా "నీ వేళకు రా" అని పంపేయాలి. ఆ వేళకు కూర్చుని అన్నీ పైకి చెప్పేయాలి. నాకు పనులు తెమిలేది పొద్దుగూకేటప్పుడే కాబట్టి ఆ వేళే పెట్టుకున్నాను.

మొదటిరోజు పగలంతా బాగానే గడిచింది. పొద్దుగూకాక వెనక అర్రలో కూర్చుని మొదలుపెట్టాను. "లారీ బోల్తా పడుతుంది. ఆయన ఇంటికి రాడు."

దీపం ముట్టించబోతున్న అత్తమ్మ అగ్గిపెట్టెతోనే ఉరికొచ్చింది.

"నీ నోట్ల మన్నువడ! దీపాల యాళ గిదేం మాటనే? తథాస్తు దేవతలు తిరుగుతుంటరు!"

"పుస్తకంల గట్లనే రాసిండ్రు అత్తమ్మా."

"రాసినోళ్ల ఇంట్ల దీపం పెట్టరా?"

వేరే రోజైతే నవ్వేదాన్ని. సంధ్యవేళ ఏది పలికితే అదే అవుతుందని వింటూ పెరిగినదాన్ని, మొగుడి చావును నా నోటితో నేనే పలికాను. ఫోన్ చేస్తే స్విచాఫ్. అత్తమ్మ దేవుడి ముందు నుంచి లేవలేదు, మళ్లీ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లవారాక ఆయన వచ్చాడు, కళ్లు ఎర్రగా, ఒళ్లంతా దుమ్ముతో. "ఛార్జింగ్ అయిపోయిందే," అన్నాడు. నేను బోరుమన్నాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు.

మధ్యాహ్నం ఆయన మళ్లీ లోడుకు పోయాడు. పుస్తకాన్ని పాత బట్టల కింద దాస్తుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"పొద్దుగూకంగ వద్దు గని, ఇప్పుడైతే ఏంగాదు. చెప్పు బిడ్డా, ఏం భయమైతుంది?"

చెప్పాను. ఊకొడుతూ అంతా వింది. నేను ఆపాక కొంగుతో మొహం తుడుచుకుంది.

"అయిందా? ఇగ నాది ఇను. వాడు బండెక్కినప్పటిసంది నాకు ముద్ద దిగుతలేదు. ఫోన్ మోగితే సుత భయమే, మోగకుంటే సుత భయమే."