ఉడుత కింద నీడ

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం నాడు, హైటెక్ సిటీలోని మా కంపెనీ ఏడో అంతస్తులో కొత్తగా పెట్టిన గేమ్ టెస్టింగ్ విభాగానికి నన్ను టెస్ట్ మేనేజర్‌గా వేశారు. అంతకు ముందు ఇరవై రెండేళ్లు బీమా సాఫ్ట్‌వేర్లు, ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు పరీక్షించిన వాణ్ని. వీడియో గేమ్ ఒక్కటీ ఆడి ఎరగను. ఆ సంగతి నా పై అధికారి అయిన డెలివరీ హెడ్‌కు ముందే చెప్పాను. మేనేజర్‌కు ఆడటం రానక్కర్లేదు, ఆడేవాళ్లను దారిలో పెట్టడం వస్తే చాలన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే, ఈ వయసులో ఆటబొమ్మ పట్టుకునే పని తప్పినందుకు సంతోషించాను కూడా.

మాకు పని ఇచ్చిన విదేశీ కంపెనీతో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ ఆట పేరు ఇప్పటికీ బయటపెట్టకూడదు. ఆఫీసులో అందరం దాన్ని ‘ఉడుత’ అనేవాళ్లం, ఇక్కడా అలాగే అంటాను. అది పాత సిరీస్. అప్పటికి ఐదు ఆటలు వచ్చాయి. ఒక ఉడుత ఎడమ నుంచి కుడికి పరుగెడుతూ, నీళ్ల మధ్య రాయి మీద నుంచి రాయి మీదికి దూకుతూ, మధ్యలో అడ్డొచ్చే వాటిని తప్పించుకుంటూ పోవాలి. మనం పక్కనుంచి చూస్తుంటాం కనుక రెండు రాళ్ల మధ్య ఎంత ఎడం ఉందో కళ్లెదుటే కనబడుతుంది. ఆరో ఆటలో దాన్ని మూడు కొలతల్లోకి, అంటే త్రీడీలోకి మారుస్తున్నారు. ఇక మనం ఉడుత వెనకాల ఉండి చూస్తాం. రాళ్లు మనకు దూరంగా, ముందుకు పరుచుకుని ఉంటాయి. పాత అభిమానులు మెచ్చుకుంటారని మొదటి అంకం, అంటే మొదటి లెవెల్ మాత్రం మొట్టమొదటి ఆటలో ఉన్నట్టే, అవే రాళ్లతో, అవే ఎడాలతో తిరిగి కట్టారు.

మా పని ఆ అంకాన్ని పరీక్షించడం. ప్రతి టెస్టర్ ముందూ ఒక షీట్ ఉంటుంది. ఫలానా రాయి మీద నుంచి దూకు, అవతల దిగు, దిగితే పాస్, పడితే ఫెయిల్. లోపం కనబడితే బగ్ రాయాలి. దాన్ని టీమ్ లీడ్ చూసి, నిజమైతే విదేశానికి పంపుతాడు, కాదనుకుంటే ‘ఆడేవారి పొరపాటు’ అని మూసేస్తాడు. రాసినవారు ఒప్పుకోకపోతే మళ్లీ తెరవచ్చు. రెండుసార్లు తెరిచిన బగ్ మేనేజర్ దగ్గరికి వస్తుంది. ఇలాంటి క్రమం నాకు కొట్టినపిండి.

మా లీడ్ నర్సింహ. మూసాపేటలో పుట్టి పెరిగినవాడు. బడి ఎగ్గొట్టి వీడియో గేమ్ పార్లర్‌లో ఉడుత ఆడి ఆడి, చివరికి దాన్నే ఉద్యోగం చేసుకున్నాడు. టీమ్‌లో మిగతా ఎనిమిది మందినీ వాడే ఎంచాడు. ఉడుత ఆట తలకెక్కిన వాళ్లకే చోటు అనేది వాడి నియమం. ఇంటర్వ్యూలో పాత ఆట మొదటి అంకం పడకుండా ముగిస్తేనే తీసుకునేవాడు. ఆ నియమాన్ని నేను మెచ్చుకుని, పైవాళ్లకు పంపిన నివేదికలో గొప్పగా రాశాను.

శారద ఆ తోవలో రాలేదు. సిద్దిపేట వైపు ఆవిడ, ముప్పై ఆరేళ్లుంటాయి. పదేళ్లు బ్యాంకు సాఫ్ట్‌వేర్ పరీక్షించాక ఆ ప్రాజెక్టు మూతపడి బెంచ్ మీదికి వచ్చింది. ఐటీ కంపెనీల్లో చేతిలో ప్రాజెక్టు లేని ఉద్యోగి బెంచ్ మీద ఉన్నట్టు లెక్క. నిజంగా బల్ల ఏమీ ఉండదు. పొద్దున్నే వచ్చి కార్డు గీకి, ఎవరైనా పిలుస్తారేమోనని సాయంత్రం దాకా కూర్చోవడమే. మా కంపెనీలో అరవై రోజులు అలా గడిస్తే ఇంటికి పంపేవారు. శారదకు యాభై నాలుగు అయిపోయాయి. మాకు మనిషి తక్కువైతే నాలుగు వారాల పరీక్ష మీద ఆమెను నా దగ్గరికి పంపారు. చివరి శుక్రవారం మధ్యాహ్నంలోగా నేను ఒక ఫారంలో ‘ఉంచుకుంటాం’ అనో ‘విడుదల’ అనో గుర్తు పెట్టాలి. విడుదల అంటే మిగిలిన ఆరు రోజులూ మళ్లీ మొదలైనట్టే. ఇద్దరు పిల్లలు, భర్తకు నిలకడ లేని పని అని ఆమె నాతో చెప్పలేదు. అదంతా ఆమె ఫైల్ తెచ్చిన హెచ్‌ఆర్ అమ్మాయి చెప్పింది.

ఆమె మొదటి రోజు నుంచీ నీళ్లలో పడుతూనే ఉంది. మిగతా వాళ్లు మాట్లాడుకుంటూ, టీ తాగుతూ దాటేసే మూడో రాయి దగ్గర ఆమె షీట్ నిండా ఫెయిల్. పడ్డ ప్రతిసారీ, బ్యాంకులో అలవాటైన పద్ధతిలో, ఏ మీట ఎప్పుడు నొక్కిందీ, ఉడుత ఎటు చూస్తున్నదీ వరసగా రాసిపెట్టేది. నర్సింహకు అది విసుగు. రెండో వారంలో ఆమె ఒక బగ్ రాసింది: “గాలిలో ఉన్నప్పుడు ఉడుత కింద ఏముందో తెలియడం లేదు. ఎక్కడ దిగుతుందో అంచనా దొరకడం లేదు. ఎండ ఏటవాలుగా ఉంది కాబట్టి నీడ పక్కకు పడుతోంది.” నర్సింహ మూసేశాడు. ఆమె తెరిచింది. వాడు మళ్లీ మూశాడు. “సార్, మేడమ్ మంచిదే గానీ, ఆట ఆమె చేతికి వస్తలేదు. మా వాళ్లు ఒక్కరు గూడ పడతలేరు గదా” అన్నాడు నాతో. తొమ్మిది మంది పాస్, ఒక్కరు ఫెయిల్. నాకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

నాలుగో శుక్రవారం పొద్దున పదిగంటలకే ‘విడుదల’ దగ్గర గుర్తు పెట్టి పంపేశాను. గడువు మధ్యాహ్నం దాకా ఉన్నా, పని ముందే ముగించడం నాకు అలవాటు. దాన్ని నేను మంచి గుణం అనుకునేవాణ్ని.

మూడు గంటలకు ఆ బగ్ రెండోసారి తెరుచుకుని నా దగ్గరికి వచ్చింది. శారదను పిలిచి, తొమ్మిది మందికి రాని ఇబ్బంది ఆటలో లోపం ఎలా అవుతుందండీ అని మర్యాదగానే అడిగాను. “మీరు పాత ఆట ఆడిండ్రా సార్?” అంది ఆమె. లేదన్నాను. “అయితే ఒక్కసారి మీరే ఆడి చూడుండ్రి సార్. గంతే” అంది.

టీమ్ అంతా చూస్తుండగా ఆటబొమ్మ, అదే మీటలున్న కంట్రోలర్, చేతిలోకి తీసుకున్నాను. మొదటి రెండు రాళ్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, దాటాను. మూడోదాని దగ్గర పడ్డాను. పదకొండుసార్లు పడ్డాను. ఉడుత గాల్లోకి లేచాక అది రాయికి ఇవతల ఉందో, మీద ఉందో, దాటిపోయిందో ఎంత చూసినా తెలియలేదు. వెనక ఎవరో నవ్వు ఆపుకుంటున్నారు. చిన్నతనంగా అనిపించింది. అయినా శారద రాసిన మూడు వాక్యాలూ అక్షరాలా నిజమని అప్పటికే నాకు అర్థమైంది.

ఇరవై రెండేళ్ల అనుభవం ఒక్క చోట పనికొచ్చింది. మా దగ్గర రాళ్లను జరిపే పనిముట్టు ఉండేది. మూడు, నాలుగు, ఐదో రాళ్లను ఒక్కో అడుగు ముందుకో వెనక్కో జరిపించి, నర్సింహను ఆడమన్నాను. నవ్వుతూ కూర్చున్నాడు. మూడో రాయి దగ్గర పడ్డాడు. మళ్లీ పడ్డాడు. ఐదోసారి పడ్డాక ఆటబొమ్మ బల్ల మీద పెట్టి శారద వైపు తిరిగాడు. “మేడమ్, మీరు చెప్పింది కరెక్టే. నేను కండ్లతోని ఆడతలేను. నా బొటనవేలికి ఆ రాళ్లు యాదికున్నయి, అది ఆడుతున్నది” అన్నాడు. మిగతా ఎనిమిది మందీ వరసగా కూర్చున్నారు, వరసగా పడ్డారు. పాత ఆట కంఠతా వచ్చినవాళ్లనే ఏరి కూర్చోబెట్టి, అవే రాళ్ల మీద కొత్త ఆటను నెలరోజులు పరీక్షించాం. కొత్త ఆటను నిజంగా కళ్లతో చూసింది ఒక్క శారదే.

అప్పుడు టైము నాలుగున్నర. డెలివరీ హెడ్ ఆరింటి దాకా ఎనిమిదో అంతస్తులోనే ఉంటాడని నాకు తెలుసు. పంపిన ఫారం వెనక్కి తీసుకోవాలంటే ‘నా మూల్యాంకనంలో పొరపాటు జరిగింది’ అని సంతకం పెట్టి లిఖితపూర్వకంగా ఇవ్వాలి. అది నా ఫైల్‌లో చేరుతుంది. ఆ నెలలోనే నా వార్షిక రేటింగ్. సోమవారం పొద్దున, మాటలు కాస్త చూసి రాసి ఇద్దామనుకున్నాను. శారదతో ఫారం సంగతి ఎత్తలేదు. సోమవారం మాట్లాడదామండీ అన్నాను. ఆమె సంతోషంగా సరేనంది. ఆ సంతోషం చూసి కూడా నేను మెట్లెక్కలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సోమవారం తొమ్మిదింటికి సీట్లో కూర్చుని ఉత్తరం మొదలుపెట్టాను. ‘పొరపాటు’ అనాలా, ‘పునఃపరిశీలన’ అనాలా అని తర్జనభర్జన పడ్డాను. పదిన్నరకు హెచ్‌ఆర్‌కు పట్టుకెళ్తే, ఆ అమ్మాయి ఉత్తరం చదివి నా మొహం చూసింది. తొమ్మిదింటికే శారదను పిలిచారట. ఆరు రోజుల్లో కొత్త ప్రాజెక్టు దొరికేలా లేదు, మీరే రాజీనామా ఇస్తే కాగితాలు శుభ్రంగా వస్తాయి, లేకపోతే తొలగించినట్టు రాయాల్సి వస్తుంది అన్నారట. తొమ్మిదిన్నరకు ఆమె సంతకం పెట్టింది. ఇచ్చిన రాజీనామా వెనక్కి తీసుకునే వీలు మా నిబంధనల్లో లేదు. ఎనిమిదో అంతస్తుకు అప్పుడు వెళ్లాను. నేను శుక్రవారమే చెప్పి ఉంటే ఒక్క ఫోన్‌తో ఆగేదని డెలివరీ హెడ్ అన్నాడు.

కార్డు అప్పగించే ముందు, టిఫిన్ డబ్బా తీసుకోవడానికి ఆమె మా అంతస్తుకు వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పాను, శుక్రవారం సాయంత్రం సంగతితో సహా. నన్ను తిడుతుందనుకున్నాను. “మీరు శుక్రవారమే చెప్తే, నేను సంతకం పెట్టకపోదును సార్” అని మాత్రం అంది. తర్వాత నర్సింహ వైపు చూసి, “ఆ బగ్ మాత్రం మూయకుండ్రి” అంది. కింద గేటు దాకా వాడు ఆమెతో వెళ్లాడు. నాకు వెళ్లే మొహం లేదు.

బగ్‌ను అత్యవసరం కింద పెట్టి, నేను పదకొండుసార్లు పడ్డ రికార్డింగ్ జతచేసి పంపాను. ఆటలో వెలుతురూ నీడలూ తీర్చే విదేశీ బృందం మొదట ఒప్పుకోలేదు. ఏటవాలు ఎండలో నీడ కాళ్ల కింద పడటం ప్రకృతి విరుద్ధం అన్నారు. రెండు వారాల వాదన తర్వాత, ఉడుత గాలిలోకి లేచినప్పుడల్లా దానికి తిన్నగా కింద ఒక గుండ్రటి నల్లమచ్చ పెట్టారు. మచ్చ రాయి మీదుంటే రాయి మీద దిగుతుంది, నీళ్ల మీదుంటే నీళ్లలో పడుతుంది. నేను నాలుగో ప్రయత్నంలోనే అవతలికి చేరాను. నర్సింహ తన నియమం తీసేసి, ప్రతి బ్యాచ్‌లోనూ ఉడుత ముఖం ఎరగని వాళ్లు ఇద్దరుండాలని కొత్త నియమం పెట్టాడు.

ఆట విడుదలైనప్పుడు చివర్లో పనిచేసినవారి పేర్లు వచ్చాయి. విడుదల నాటికి ఉద్యోగంలో ఉన్నవారి పేర్లే పంపాలన్నది పద్ధతి. శారద పేరు చేర్చమని రెండుసార్లు అడిగాను, కుదరదన్నారు. నా పేరు ఉంది. నాలుగు నెలల తర్వాత ఆమెకు గచ్చిబౌలిలో మళ్లీ బ్యాంకు సాఫ్ట్‌వేర్ పనే దొరికిందని నర్సింహ చెప్పాడు. అందులో నా ప్రమేయం ఏమీ లేదు.

తర్వాత చేసిన నాలుగేళ్లలో నేను సంతకం పెట్టే ఏ ఆటనైనా ముందు నేనే ఆడి చూశాను, నలుగురి ముందూ పడ్డాను. అది నేర్చుకోవడం కష్టం కాలేదు. తప్పు తెలిసిన పూటే, మాటలు కుదిరినా కుదరకపోయినా, మెట్లెక్కి చెప్పి రావాలి. ఇది నేర్చుకోవడానికి నాకు ఒక మనిషి ఉద్యోగం పట్టింది.