నేను వెనక్కి తీసుకున్న వ్యాసం

దేవునికి స్తోత్రం. నడవడానికి కాళ్ళూ చూడడానికి కళ్ళూ ఇచ్చి, ముప్పై ఏళ్ళకు పైగా రైళ్ళలోనూ బస్సుల్లోనూ నన్ను క్షేమంగా తిప్పినవాడు ఆయనే. నా ప్రతి వ్యాసాన్నీ ఇలాంటి మాటతోనే మొదలుపెట్టేవాణ్ణి. సబ్ ఎడిటర్లు కొట్టేసేవారు. ఇక్కడ కొట్టేసేవారు లేరు కనుక ఉంచుతున్నాను.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, నవంబరు మొదటి వారంలో ఒక తెలుగు పర్యాటక మాసపత్రిక నాకు పని అప్పగించింది. బెంగాల్లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళ తిండి మీద నాలుగు పేజీలు, ఫోటోలతో. నేను ఏ పత్రికలోనూ ఉద్యోగిని కాను. ఫ్రీలాన్సరుకు పైన అధికారి ఉండడు, కింద గుమాస్తా ఉండడు. ఒప్పుకున్న రోజుకు రాత అందితే మళ్ళీ పిలుస్తారు, అందకపోతే పిలవరు. ఎన్నికల సభలు, తుపానులు, తీర్థయాత్రలు, ఒకసారి కుక్కల ప్రదర్శన కూడా రాశాను. చివరి పదేళ్ళూ ప్రయాణాలే.

ఊరు నాదే. తాల్‌బగీచాలో సొంత ఇల్లు. మా నాన్నకు బజారులో గుడ్డల దుకాణం ఉండేది, అందుచేత రైల్వే క్వార్టర్లలో కాపురం ఎలా ఉంటుందో నాకు తెలియదు. దూరదేశాల సత్రాల గురించి రాసినవాడికి, సైకిలు మీద వెళ్ళే దూరంలో ఉన్న ఇళ్ళ భయాలు తెలియవు.

తిండి గురించి రాసేవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. మొదటిసారి ఎవరమో చెప్పకుండా వెళ్ళి తింటాం. పత్రికవాడని తెలిస్తే నెయ్యి ఎక్కువ పడుతుంది, రాత చెడుతుంది. రెండోసారి నోటుపుస్తకం, కెమెరా పట్టుకెళ్ళి పరిచయం చేసుకుంటాం. ఆ ప్రకారమే నవంబరు రెండో వారంలో ఎల్లాజీ అనే పరిచయస్తుడు నన్ను న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలోని ఒక క్వార్టరుకు తీసుకెళ్ళాడు. ఆయన రైల్వే వర్క్‌షాపులో రిటైరై, ఆ పక్క క్వార్టరులోనే కొడుకు దగ్గర ఉంటున్నాడు. అక్కడ అప్పలనరసమ్మ అనే ఆమె పొద్దున్నే ఇడ్లీ, మినపరొట్టె వేస్తుంది. తిన్నాను, నోరు విప్పకుండా వచ్చేశాను.

మూడు వారాల తరువాత పుస్తకంతో వెళ్ళాను. వరండాలో బల్ల మీద వర్క్‌షాపు బట్టల్లో ఐదుగురు, ఒళ్ళో టిఫిను డబ్బాలు. నా పేరు, పత్రిక పేరు చెప్పి, టిఫిను ఎన్నేళ్ళుగా నడుపుతున్నారని అడిగాను.

"టిఫినా? ఏ టిఫిను?" అంది నరసమ్మ. "సుట్టాలు బాబూ. ఇంటికొచ్చిన సుట్టాలకి నాలుగిడ్లీలెట్టకపోతే బాగుంటాదేటి?"

"ఇంతమంది సుట్టాలూ డబ్బాలట్టుకొచ్చినారేటప్పా?" అన్నాను నేనూ ఆమె యాసలోనే.

"మా సుట్టాల్లో అదే మర్యాద."

ఆ చుట్టాల్లో ఒక బెంగాలీ ఆయన, "దీదీ, ఆర్ దూటో ఇడ్లీ" అని ఇంకో రెండింటి కోసం ప్లేటు చాపాడు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. నా మొహంలోకి చూసి, "ఆ మధ్య ఎల్లాజీ ఎంట వచ్చి, తిని, మూతి తుడుసుకుని పోయినోడివి నువ్వే కదూ?" అంది. అవునన్నాను. ఆ తరువాత ఆమె సరిగా జవాబు చెప్పలేదు.

జవాబు తప్పించుకునే మనిషి దగ్గర విషయం ఉన్నట్టే అని మా వృత్తిలో అనుకుంటాం. నాకు అనుమానం వచ్చింది. ఇంకా అడిగాను. క్వార్టరు ఎవరి పేరున ఉంది, ఎందరుంటారు, ఎప్పటినుంచి? గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీశాను. బయటికొచ్చాక, పక్క గుమ్మంలో నిలబడి ఉన్న ఎల్లాజీ, "బ్లాకు నంబరూ క్వార్టరు నంబరూ పెద్దచ్చరాల్లో ఎయ్యండి బాబూ. సదివినోళ్ళు ఎతుక్కోకుండా వస్తారు" అన్నాడు. రాసుకున్నాను.

ఆ సాయంత్రమే నరసమ్మ కొడుకు రమణ తాల్‌బగీచాకు మా ఇంటికి వచ్చాడు. వర్క్‌షాపులో టెక్నీషియన్, క్వార్టరు అతని పేరునే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బాబాయ్, మీరు పత్రికోళ్ళో ఆఫీసోళ్ళో మాకేటి తెలుస్తాది? మీరడిగినవన్నీ క్వార్టర్ల తనిఖీకొచ్చినోళ్ళు అడిగే ప్రశ్నలే."

అప్పుడు తెలిసింది. క్వార్టరు ఉద్యోగి కాపురానికి మాత్రమే ఇస్తారు. అందులో వ్యాపారం చేయడం నిబంధనలకు విరుద్ధం. బయటపడితే అతనికి నోటీసు వస్తుంది, క్వార్టరు పోవచ్చు, రావలసిన ప్రమోషన్ ఆగవచ్చు. పత్రిక పంపిన మెయిలు చూపించాను. అలాంటిది ఎవరైనా టైపు చేసుకోవచ్చన్నాడు. రాసింది చూపించమన్నాడు. అచ్చుకు ముందు రాతను, ఎవరి గురించి రాశామో వాళ్ళకు చూపించకూడదన్నది మా నియమమని చెప్పాను.

"మా యమ్మ ఇడ్లీలు మీరెవులో సెప్పకుండా తినీవచ్చు. మీ రాత మాత్రం మేం సూడకూడదు. ఠీక్ హై," అని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మోకరించి ప్రార్థించాను. ఒక మనిషి మీద మాట ఉంటే వెనక కాదు, అతని ముఖం ఎదుటే చెప్పాలని మా సంఘంలో చిన్నప్పుడే నేర్పారు. నా నియమం వృత్తిది, ఇది దేవునిది. మర్నాడు వెళ్ళి వరండాలో కూర్చుని తల్లీకొడుకులకు వ్యాసం మొత్తం చదివి వినిపించాను. జాగ్రత్త కోసం నంబర్లు తీసేశాను. 'పంపు హౌసు ఎదుట, వరసలో చివరిది, నీలి తలుపు' అని మాత్రం ఉంచాను.

నరసమ్మ అక్కడ చెయ్యెత్తి ఆపింది. "ఇంతకన్నా నంబరేసీడం నయం కదా బాబూ. నీలి తలుపు ఈ సెటిల్‌మెంట్‌లో ఇంకెవులికుంది? సిరునామా రాయకుండా పోస్టుమేన్ని నేరుగా పంపినావు."

రమణ ఫోటో అడిగాడు. ఫోనులో చూపించాను. ఆమె భుజం పక్కన గోడ మీద నల్ల పెయింటుతో నంబరు స్పష్టంగా ఉంది. ఫోటోలు ముందుగా పంపడం మా పద్ధతి, ఆపాటికే పంపేశాను కూడా.

సబ్ ఎడిటరుకు ఫోను చేశాను. నంబరు చెరిపేయడానికి ఆయనకు అభ్యంతరం లేదు. కానీ ఎక్కడుందో చెప్పకపోతే అది ప్రయాణ వ్యాసం ఎలా అవుతుందన్నాడు. బజారులో ఏదో ఒక చిరునామా వేద్దామన్నాడు. లేని చిరునామా వేయడం అబద్ధం, ఒప్పుకోలేదు. వ్యాసం మొత్తం వెనక్కి తీసుకుంటున్నానని మెయిలు పంపాను. అచ్చుకు పేజీలు సిద్ధం చేశాక రాత వెనక్కి తీసుకోవడం ఫ్రీలాన్సరు చేయగలిగిన పెద్ద తప్పు. ఆ పత్రిక నన్ను మళ్ళీ పిలవలేదు.

పది రోజులకు తనిఖీవాళ్ళు వచ్చారు. బల్లలు, పెద్ద ఇడ్లీ పాత్ర, రెండు పొయ్యిలు చూసి రాసుకున్నారు. రమణకు సంజాయిషీ నోటీసు వచ్చింది. టిఫిను ఆ రోజే ఆగింది. క్వార్టరు దక్కింది గానీ ఆ ఏడు ప్రమోషన్ జాబితాలో అతని పేరు లేదు.

నేను వెళ్ళేసరికి రమణ నోటీసు నా చేతికిచ్చాడు. ఫిర్యాదు అందిన తేదీ అందులో ఉంది. మొదటిసారి నేనెవరో చెప్పకుండా వెళ్ళి తిన్న రోజుకు సరిగ్గా రెండు రోజుల తరువాతి తేదీ.

"ఏటంటారు బాబాయ్?" అన్నాడు.

వ్యాసం వెనక్కి తీసుకుంటూ పత్రికకు పంపిన మెయిలు నరసమ్మకు చూపించాను. ఆమె ఫోను వైపు చూడనైనా లేదు. "అచ్చయినదైతే సూపించగలవు. అచ్చవ్వనిదాన్ని ఏటని సూపిస్తావు బాబూ?" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఇంటి గడప నేను మళ్ళీ ఎక్కలేదు. ఆ వరసలో ఇప్పటికీ నన్ను ఆఫీసు మనిషి అనే అంటారు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. పేరు చెప్పకుండా తినడం హోటలుకు పనికొచ్చే పద్ధతి, ఇంటికి కాదు. అడిగే ముందు, అవే ప్రశ్నలు ఆ గుమ్మంలో ఇంకెవరు అడుగుతారో తెలుసుకోవాలి. మనం చేయని పనిని రుజువుగా చూపించలేం.

ఆ ఫిర్యాదు ఎవరు రాశారో నాకు తెలియదు. అయినా నంబరు పెద్దక్షరాల్లో వేయమన్న ఎల్లాజీ పేరే నా మనసులో ఉంది. ఆధారం ఏమీ లేదు. నా మీద వాళ్ళకున్న ఆధారమైనా ఆయన మీద నాకు లేదు. మలంచా రోడ్డు మీద ఎదురైతే ఆయన పలకరిస్తాడు, నేను తల తిప్పుకుంటాను. ఈ అనుమానాన్ని నా హృదయంలోంచి తీసివేయమని చదువుతున్న మీరు కూడా నాతో కలిసి ప్రార్థించండి. ఆమేన్.